ఉద్దానంలో ఒక కొండచిలువ

విజయనగరంలో పాసింజరు బండి ఎక్కి, కిటికీ పక్కన చోటు దొరికితే, అంతకు మించిన విహారం ఉత్తరాంధ్రలో లేదంటాను. నెల్లిమర్ల, చీపురుపల్లి, పొందూరు ఒకదాని వెనుక ఒకటి పలకరించి వెళతాయి. ఆ తర్వాత నాగావళి వంతెన. పేరు విని ఇది పాముల నది కాబోలు అనుకుంటారు కొత్తవారు. కాదు. బలరాముడు నాగలితో గీసిన చాలులో పారిందనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ స్థలపురాణం. నదికి పాముతో చుట్టరికం లేకపోయినా, మొన్నటి నా ప్రయాణం మాత్రం తిన్నగా ఒక పాము దగ్గరికే తీసుకుపోయింది.

పలాసలో దిగి ఉద్దానం వెళ్ళాను. ఎటు చూసినా జీడిమామిడి, కొబ్బరి, పనస. ఎలుకలూ పందికొక్కులూ వున్న తోటలలో కొండచిలువ వుండడం వింతేమీ కాదు.

స్నేహితుడి ఇంట కాళ్ళు కడుక్కుంటున్నానో లేదో, దొడ్డివైపు కేకలు వినబడ్డాయి. వంగమడికి కంచెగా కట్టిన పాత చేపలవలలో కొండచిలువ చిక్కుకుంది. ఎనిమిది అడుగులు వుంటుంది. అప్పటికే నలుగురు కర్రలతో వచ్చేశారు.

"మేకపిల్లల్ని మింగీస్తాది, సంపీండి!" అన్నాడొకడు.

అమెరికా నుంచి సెలవులకు వచ్చిన స్నేహితుడి మనవడు, పధ్నాలుగేళ్ళవాడు, కర్రలకు అడ్డంగా నిలబడ్డాడు. "కొట్టకండి! దాని కళ్ళు చూడండి!"

చూశాము. పాలలో నీలిమందు కలిపినట్లున్నాయి.

"కుబుసం విడవబోతోంది. ఇప్పుడు దానికి చూపు సరిగా ఆనదు. అది మనకంటే ఎక్కువ భయపడుతోంది."

వాడికి ఇదంతా ఎలా తెలుసంటారా? అక్కడ వాడి గదిలో ఒక గాజుపెట్టె, అందులో బాల్ పైథాన్ అనే పాము వున్నాయట. పశ్చిమ, మధ్య ఆఫ్రికాల జాతి అది. నాలుగైదు అడుగులకు మించడం అరుదు. బెదిరితే తల లోపలికి పెట్టుకుని బంతిలా చుట్టుకుంటుంది. అందుకే ఆ పేరు. విషం లేదు. ముప్ఫై ఏళ్ళ వరకూ బ్రతకవచ్చు.

అటవీశాఖకు కబురు పంపి, గార్డు వచ్చేలోగా వాడు మాకు పాఠం చెప్పాడు. ఎత్తేటప్పుడు తల పట్టుకోకూడదు; నడిమిభాగం కింద రెండు చేతులూ ఆనించాలి. వారానికో రెండు వారాలకో ఒక ఎలుక, పాము లావుకు తగినది చాలు. బ్రతికున్న ఎలుక తిరగబడి పామునే కొరుకుతుంది గనుక, చంపి మంచులో నిలవచేసినదాన్ని కరిగించి, వెచ్చచేసి, పటకారుతో అందించాలి. తిన్న తర్వాత రెండు రోజులు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే కక్కేస్తుంది. కళ్ళు మసకబారితే పెట్టెలో తేమ పెంచి, దాని మానాన దాన్ని వదిలేయాలి. తేమ చాలకపోతే కుబుసం ముక్కలుముక్కలుగా వూడుతుంది. పాముకు రెప్పలు లేవు. కంటిని కప్పిన పొర కూడా కుబుసంతోపాటే రావాలి. అది మిగిలిపోయిందని గోటితో పీకితే కంటికే ముప్పు.

"మరి ఎత్తుకునేదెప్పుడురా?" అన్నాను.

వాడు నవ్వాడు. "ముట్టుకోకుండా వుండడమే సగం పని, తాతగారూ."

వాడి నాయనమ్మ అందుకుంది. "నాగుల సవితికి పుట్టలో పాలోసి, దణ్ణమెట్టి, దూరంగా ఎల్లిపోతాం. మా పద్దతీ అదే గదేటి!"

"పాము పాలు తాగదు నాయనమ్మా."

"తాగమని నానన్నానేటి? నా మొక్కు నాది!"

ఆఫ్రికాలో బెనిన్ దేశపు వీదా పట్టణంలో వాడి పాము జాతికే గుడి వుంది. దారి తప్పి ఇంట్లోకి వస్తే చంపకుండా భద్రంగా గుడికి చేరుస్తారు. మొక్కు ఎక్కడైనా మొక్కే.

గార్డు వచ్చి వలను పోగుపోగుగా కత్తిరించాడు. పాము వంటి మీద ఒరిపిడి కనబడింది. కుర్రవాడి మనసు ఆగలేదు. "కుబుసం విడిచేదాకా నా దగ్గర వుంచుకోనా?" అన్నాడు.

"కుదరదు బాబూ. 1972 వన్యప్రాణి చట్టంలో కొండచిలువ మొదటి షెడ్యూలులో వుంది. ఇంట్లో వుంచితే జైలే. మీ పాములాంటి విదేశీదాన్ని ఇక్కడ పెంచుకోవాలన్నా, 2024 నిబంధనల ప్రకారం నమోదు చేయించాలి."

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాయనమ్మ భుజం మీద చెయ్యివేసింది. "ఒగ్గీ నాయనా. నీ పాముకి పెట్టె ఇల్లు. దీనికి తోటే ఇల్లు."

తోట చివర పొదలో వదిలారు. కర్రలు తెచ్చినవాళ్ళే దారి ఇచ్చారు.

నేను వచ్చేసిన పదోనాటికి ఫోనులో ఒక ఫొటో వచ్చింది. జీడిచెట్టు వేళ్ళ మధ్య, మేజోడు తిరగతీసినట్లు, తలనుంచి తోకదాకా తెగని కుబుసం. కుర్రవాడు ముందు చూసింది తలవైపేనట. రెండు కంటిపొరలూ చక్కగా వూడి వచ్చాయి. చేత్తో తాకకుండా, అక్కడే వుంచి వచ్చేశాడట.