సూక్తి వెనక మనిషి

మేలు చేసే మాట వినడానికి కూడా ఇంపుగా ఉండడం అరుదని సభల్లో వక్తలు అంటూనే ఉంటారు. తొందరపడి ఏ పనీ చేయకూడదన్న హితవు క్యాలెండర్ల మీదా బడి గోడల మీదా కనిపిస్తుంది. రెండూ భారవి కిరాతార్జునీయంలోవే. ఆ సంగతి తెలిస్తే చాలు, చదువుకున్నవాళ్ళ కిందే లెక్క. కావ్యం తెరిచినప్పుడు కదా అసలు కథ!

మొదటి మాట అన్నది ఒక వనేచరుడు. ధర్మరాజు పంపగా బ్రహ్మచారి వేషంలో వెళ్ళి, దుర్యోధనుడి ఏలుబడి చూసి ద్వైతవనానికి తిరిగొచ్చాడు. తెచ్చింది చేదు కబురు: జూదంలో గెలిచిన రాజ్యాన్ని శత్రువు చక్కగా ఏలుతున్నాడు, జనాన్ని మంచి చేసుకుంటున్నాడు. ఇది రాజు ముఖాన చెప్పాలి. మంచైనా చెడైనా మన్నించమని ముందే వేడుకుంటూ ఆ మాట అంటాడు. మనం గోడకెక్కించింది ఒక నౌకరు జంకు.

రెండోదీ అంతే. కబురు విన్న ద్రౌపది భర్తను నిలదీస్తుంది, భీముడు ఆమెకు వంతపాడతాడు. ఇంటివాళ్ళిద్దరూ కడిగేశాక ధర్మరాజు నోట వచ్చిన జవాబది. అది ఓర్పా, వెనకడుగా? ద్రౌపది వాదం విన్నాక ఆయన వైపు మొగ్గడం నాకైతే తేలిక కాలేదు. సూక్తిగా విన్నన్నాళ్ళూ ఈ చిక్కే లేదు.

ఈ చదువు నత్తనడకే. మొదటి మూడు సర్గలకు పాషాణత్రయమని పేరే పడింది. మెదక్ సీమ కొలిచారం వాడైన మల్లినాథసూరి దీనికి ఘంటాపథమనే వ్యాఖ్య రాస్తూ, భారవి వాక్కు కొబ్బరికాయ వంటిదనీ, తాను పగలగొట్టి పెడతాననీ, రసికులు రుచి చూడాలనీ అన్నాడు. తెలుగు లిపిలో అచ్చయిన పాత ప్రతుల్లో శ్లోకం రెండు మూడు పంక్తులు, కిందంతా సన్నక్షరాల టీక. ఏ మాట దేనితో అన్వయిస్తుందో చూపి, సమాసం విప్పి, అమరకోశాన్ని సాక్ష్యం పిలిచి, పాణిని సూత్రం దగ్గర కాసేపు నిలబెడతాడు. ఒక సాయంత్రానికి ఒక శ్లోకం సాగితే గొప్పే. వనేచరుడి మాట నాలుగో శ్లోకంలో ఉంది. ముందు మూడూ ఇలా నడిచినవాడికే అతని బెదురు అందుతుంది.

సారాంశాలతో సరిపెట్టుకునేవాళ్ళను తప్పుపట్టను. 18 సర్గలకూ ఇంత తీరిక ఎవరికుంది? పదిహేనో సర్గలో దాదాపు అంతా నకారంతోనే కట్టిన శ్లోకం ఒకటుంది. అక్కడ మాత్రం పంతానికి పోకుండా ముందు టీక చదివి, ఆ తర్వాతే శ్లోకం వైపు చూడడం మంచిది.