ఈసీ చూశాక

పాత ఫ్లాట్ కొందామనుకున్న దగ్గర్నుంచి మా ఆవిడది ఒకటే బెంగ: "రేపెవరైనా వచ్చి ఇది మాదంటే?" ధైర్యం చెప్పడం మానేసి, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చేతిలో పెట్టాను. తెలంగాణలో 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు అందులో దొరుకుతాయి. ఎవరు ఎవరికి అమ్మారో, ఏ బ్యాంకుకి తనఖా పెట్టారో వరసగా ఉంది. తనఖా కనబడింది గానీ దాని విడుదల పత్రం లేదు! అప్పు ఎప్పుడో తీర్చేశామన్నారు అమ్మేవాళ్లు. మాట కాదు, కాగితం కావాలన్నాం. (రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు ఈసీలో కనపడవు, లాయరు ఫీజు ఎలాగూ తప్పదు.) చిత్రంగా, లొసుగు దొరికిన రోజే మా ఆవిడ హాయిగా నిద్రపోయింది. అమ్మే పెద్దాయనకి మాత్రం మా చెక్కు మీద అనుమానం. డీడీ ఇస్తామన్నాక గానీ టీ తాగమనలేదు.