సింక్ వేరు, బ్యాకప్ వేరు

2010లో వచ్చిన తొలి ఐప్యాడ్‌ను కంప్యూటర్‌కు తగిలించి, ఐట్యూన్స్ తెరిస్తే గానీ వాడటం మొదలయ్యేది కాదు. మరుసటి ఏడాది ఐక్లౌడ్ వచ్చాక ఆ కేబుల్ అవసరం తప్పింది. మంచి మార్పే.

అయితే అప్పటినుంచి సింక్‌నే బ్యాకప్ అనుకునేవాళ్లు ఎందరో! ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉంటే, ట్యాబ్లెట్‌లో చెరిపిన పెళ్లి ఫొటో మ్యాక్‌లోనూ పోతుంది. తిరిగి తెచ్చుకోవడానికి 30 రోజులే గడువు. పోనీ, కంప్యూటర్‌లో తీసిన ఐప్యాడ్ బ్యాకప్ ఆదుకుంటుందా అంటే, ఐక్లౌడ్‌లో ఉన్న ఫొటోలను అది వదిలేస్తుంది. అపురూపమైనవాటిని వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోవాల్సిందే.

కంప్యూటర్‌లో ఐప్యాడ్ బ్యాకప్ తీసేటప్పుడు ‘ఎన్‌క్రిప్ట్’ దగ్గర టిక్ పెట్టడం కూడా ముఖ్యం. లేకపోతే దాచుకున్న పాస్‌వర్డ్‌లు, హెల్త్ వివరాలు అందులోకి రావు.