పొగగొట్టానికి లైనింగు

జాకెట్టుకి లైనింగు తెలుసుగానీ పొగగొట్టానికి లైనింగేమిటంటారా? మా మార్కాపురం ఇంట్లో గ్యాసున్నా, నీళ్ళు కాగేది వెనక గదిలో కట్టెల పొయ్యి మీదే. పొగ లేని వంటిళ్ళ గురించి హైదరాబాదు ఎస్. పి. రాజుగారు 1953లోనే పుస్తకం రాశారు. కిటుకంతా గొట్టంలోనే ఉందిట.

మా గొట్టమేమో బీటలిచ్చింది. పలకల ఊరు కదా, అత్తయ్యగారు పలకముక్క అడ్డంపెట్టి మట్టి మెత్తేశారు! పక్కనే బోదకొట్టం, ఒక్క నిప్పురవ్వ చాలు. అంతకన్నా భయం, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడుతో. చలికాలం ఆవిడ తలుపు బిగించుకుని పడుకునేది ఆ గదిలోనే మరి.

మేస్త్రీ మసి దులిపి, పాతదాంట్లోకి స్టీలు గొట్టం దించాడు. మరీ సన్నదైతే పొగ వెనక్కి తంతుందని కొలిచి మరీ తెచ్చాడు. సందు మూసి, పైన టోపీ పెట్టాడు.

"నా పలకముక్కేదిరా?" అన్నారు అత్తయ్యగారు.