వేసవిలో చలువ – మేము చదివినది, మేము పడినది



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం తమ్ముళ్ళు అడిగినప్పుడు వేసవి గురించి రాస్తామని చెప్పాము. "ఎండ గురించి ఏముందన్నా, కవిత రాయండి" అన్నారు. కవిత మాకు రాదు. వృక్షశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతున్నాము కాబట్టి ఆకుల గురించి, వేళ్ళ గురించి నాలుగు మాటలు తెలుసు. అంతకన్నా ఎక్కువగా ఎండ గురించి తెలుసు. మాది పల్నాడు. ప్రతి ఏడూ ఎండల వార్తల్లో రెంటచింతల పేరు మీరు వినే ఉంటారు. మా ఊరు అక్కడికి ఎంతో దూరం కాదు.

2019 ఏప్రిల్ నెలాఖరు. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికి వెళ్ళాము. అమ్మ, మరో ఆరుగురు ఆడవాళ్ళు మిరప కళ్ళంలో తాలుకాయలు ఏరుతున్నారు. పైన ఎండ, కింద ఎర్రగా పరిచిన కాయల ఘాటు. మేమూ బస్తాలు పట్టడానికి వెళ్ళాము. పన్నెండు దాటాక అమ్మ కళ్ళు తిరుగుతున్నాయని పక్కామెతో అన్నదట. ఎవరూ పట్టించుకోలేదు, ఎండాకాలంలో కళ్ళు తిరగనిది ఎవరికి! కాసేపటికి పొంతన లేకుండా మాట్లాడడం మొదలుపెట్టింది. మమ్మల్ని చూసి మా మేనమామ పేరుతో పిలిచింది. ఒళ్ళు పట్టుకుంటే పెనంలా ఉంది.

అప్పుడు మేము చేసిన మొదటి పని తప్పు పని. తల ఎత్తి పట్టుకొని చెంబుతో మజ్జిగ నోట్లో పోశాము. పొలమారి అమ్మ కళ్ళు తేలేసింది. ఒక ముసలమ్మ మా చేతిలో చెంబు లాక్కొని, "నోట్లో కాదురా, ఒంటి మీద పొయ్యి" అని అరిచింది. నీడలోకి ఈడ్చి బిందెలతో నీళ్ళు కుమ్మరించి, పాత చీర తడిపి కప్పి, ఇద్దరు చెరోవైపు విసురుతూ కూర్చున్నారు. 108 బండి వచ్చేదాకా అదే పని. స్పృహ సరిగా లేని మనిషికి నోటి ద్వారా ఏదీ పట్టకూడదని, ఆ నీళ్ళే ఆమెను కాపాడాయని తరువాత డాక్టరు గారు చెప్పారు. ఆ ముసలమ్మకు అక్షరం ముక్క రాదు. ఇంట్లో అందరికన్నా ఎక్కువ చదివింది మేమే.

ఆ ఏడాది అమ్మ మళ్ళీ కూలికి పోలేదు. అప్పు పెరిగింది. మా చదువు మాన్పిద్దామన్న మాట కూడా ఇంట్లో వచ్చింది. అమ్మే పడనివ్వలేదు.

అప్పటినుండి వేసవిలో ఏం తినాలి, ఏం తాగాలి అని ఎక్కడ కనబడినా చదువుతాము. యూనివర్సిటీ లైబ్రరీలో చరక సంహిత, అష్టాంగహృదయం తెలుగు తాత్పర్యంతో దొరికాయి. చరకుడు సూత్రస్థానం ఆరో అధ్యాయంలో, వాగ్భటుడు మూడో అధ్యాయంలో ఋతుచర్య చెప్పారు. గ్రీష్మంలో సూర్యుడు లోకంలోని తడినంతా పీల్చేస్తాడు, దానితోపాటు మనిషి బలం కూడా తగ్గుతుంది. కనుక తీపిగా, చల్లగా, ద్రవంగా, కొంచెం నెయ్యి తగిలినట్లుగా ఉండే ఆహారం తీసుకోవాలి. చక్కెర కలిపిన చల్లటి సత్తుపిండి నీళ్ళు, పాలు, బియ్యపన్నం మంచివి. ఉప్పు, పులుపు, కారం, వ్యాయామం తగ్గించాలి. మద్యం వద్దు, తప్పదనుకుంటే చాలా నీళ్ళు కలపాలి. (ఈ వాక్యం దగ్గర మా గదిలో పెద్ద చర్చ జరిగింది.) మిగతా ఋతువుల్లో కూడదన్న పగటి నిద్ర ఈ ఒక్క ఋతువులో మంచిదేనన్నారు.

ఇంకొక సంగతి. వేసవిలో పిత్తం పెరుగుతుందని అందరూ అంటారు, మేమూ అలాగే అనుకునేవాళ్ళం. పుస్తకంలో చూస్తే గ్రీష్మంలో పోగయ్యేది వాతం. పిత్తం వర్షాకాలంలో పోగయి శరత్తులో ప్రకోపిస్తుందట. ఒళ్ళు ఎండిపోయే కాలం కాబట్టే తడి, నెయ్యి, తీపి చెప్పారన్నమాట. గ్రీష్మంలో లోకంలో బలపడే రుచి కారమట. మిరప కళ్ళంలో కూర్చున్నవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

పెరుగు సంగతి చదివి ఆశ్చర్యపోయాము. వసంతం, గ్రీష్మం, శరత్తుల్లో పెరుగు మంచిది కాదని చరకుడు. ఎండాకాలంలో మజ్జిగ ఇవ్వవద్దని సుశ్రుతుడు. పుట్టినప్పటినుండి మజ్జిగే చలువ అని విన్న మాకు కాళ్ళ కింద నేల కదిలినట్లయింది. కానీ వారు మజ్జిగ అన్నది కాసిని నీళ్ళు పోసి చిలికిన చిక్కటి పదార్థం. మా మెస్సు మజ్జిగను సుశ్రుతుల వారు చూస్తే ఇది మజ్జిగే కాదు, నిరభ్యంతరంగా తాగండి అని సెలవిచ్చేవారు.

సెలవుల్లో ఇవన్నీ అమ్మకు చదివి వినిపించాము. చల్లటి ఇంట్లో పడుకోవాలి, రాత్రి వెన్నెల పడే మేడ మీద నిద్రించాలి, ఒంటికి చందనం, మెడలో ముత్యాలు అనేదాకా వచ్చేసరికి అమ్మ నవ్వింది. "మధ్యాహ్నం పడుకుంటే ఆ రోజు కూలి ఆ పుస్తకం రాసినాయన ఇస్తాడా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు మేము చాలా రోజులు జవాబు వెతుక్కున్నాము. ఉప్పు తగ్గించమన్నది నీడన కూర్చున్నవాడికి. కళ్ళంలో చెమటోడ్చే మనిషి ఒంట్లోంచి నీళ్ళతోపాటు ఉప్పు కూడా పోతుంది. ఆమెకు ఉప్పేసిన పల్చటి మజ్జిగ కావాలి, ఉప్పేసిన గంజి కావాలి. ఏవీ లేకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు తలగొట్టి కలుపుకుంటే చాలు. కొలత మాత్రం తప్పకూడదు, ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడు. ఆచార్యుల మాట తప్పని మేము అనడం లేదు. వారు చూసిన మనిషి వేరు, మా ఇంట్లో మనిషి వేరు. 2015 మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. చందనం పూసుకోక చనిపోయినవారు కారు వారు. మధ్యాహ్నం నీడ లేక పోయినవారే ఎక్కువ.

ఇక చద్దన్నం. డిగ్రీలో చేరిన కొత్తలో పొద్దున్నే ఏం తింటారని ఎవరైనా అడిగితే ఇడ్లీ అని అబద్ధం చెప్పేవాళ్ళం. ఇంటి దగ్గర మేము తిన్నది రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, తెల్లారి మజ్జిగ, ఉల్లిపాయతో తినే చద్దన్నమే. లేదా జొన్న అంబలి. ఇప్పుడు అదే చద్దన్నాన్ని హోటళ్ళలో మట్టి మూకుడులో పెట్టి డబ్బు తీసుకుంటున్నారు. రాత్రంతా నానితే అన్నం కొంచెం పులుస్తుంది, అరుగుదలకు మేలు చేసే సూక్ష్మజీవులు చేరతాయి, కడుపులోకి నీళ్ళు కూడా పోతాయి. అయితే మండు వేసవిలో కుండ శుభ్రంగా లేకపోయినా, మధ్యాహ్నం దాకా ఉంచినా అదే విషమవుతుంది. పొద్దున తొమ్మిదిలోపు తినేయాలి. సబ్జా గింజలు, తాటిముంజలు, సుగంధిపాల వేరు కషాయం అన్నీ మంచివే. సీసాల్లో అమ్మే ఎర్రటి సుగంధి షర్బతులో వేరు ఎంతో, రంగు ఎంతో కొనేముందు చూసుకోండి.

మన హాస్టల్ సంగతి. పై అంతస్తు గదుల్లో ఏప్రిల్ వస్తే రాత్రి పన్నెండు దాకా గోడలు సెగలు కక్కుతాయి, పరీక్షలు చూస్తే అప్పుడే. గత ఏడాది మెస్సు కమిటీలో మేము అడిగినవి మూడే. వారానికి నాలుగు రోజులు పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం పచ్చళ్ళు తగ్గించి సొరకాయ, బీరకాయ, దోసకాయ, వరండాలో నాలుగు మట్టి కుండలు. అంబలి అనగానే కొందరు తమ్ముళ్ళు ముఖం చిట్లించారు, "ఇంటి దగ్గర తిన్నది చాలదా అన్నా" అన్నారు. వారి బాధ మాకు తెలుసు. పదిహేను రోజులకు గిన్నె అడుగు గీకడం మొదలుపెట్టింది వారే. డాబాకు సున్నం మేమే ఒక ఆదివారం వేసుకున్నాము. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇలాంటి చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. మాకు అయింది సున్నం ఖర్చు, చేతులు కాలడం.

కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో సైన్సు చదివే తమ్ముళ్ళకు తెలుసు. సన్నని రంధ్రాల గుండా ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. మన ఒంటి చెమట చేసేదీ అదే. అందుకే పొడి గాలి వీచే మా పల్నాడులో కుండ బాగా పనిచేస్తుంది, ఉక్కపోసే సముద్రతీరంలో అంత పనిచేయదు. చెమట ఆరని రోజున జాగ్రత్త మరింత కావాలి.

అమ్మ ఇప్పుడు మళ్ళీ కూలికి వెళుతోంది. ఈ ఏడు వాళ్ళ ముఠా అంతా కలిసి తెల్లవారుజామున ఐదింటికే కళ్ళంలో దిగుతామని, పదిన్నరకు లేచిపోతామని, కూలి మాత్రం తగ్గకూడదని పట్టుబట్టారు. రైతు గారు మొదట గొణిగారు. మంచుకు మెత్తబడ్డ కాయ పొద్దునపూట విరగదు, ఎండెక్కితే పెళపెళమని గింజ రాలిపోతుందని ఆ ముసలమ్మే చెప్పి ఒప్పించిందట. కూలి అడిగినంత రాలేదు, ఇరవై రూపాయలు కోసుకున్నారు. పడుకోవడానికి మధ్యాహ్నం దొరికింది కదా అంటుంది అమ్మ.

హాస్టల్లో కుండలు రాత్రి భోజనాలయ్యాక కడిగి నింపాలి, గదుల వరసలో వంతు. ఈ వారం వంతు ఏడో గదిది. నిన్న మరచిపోయారు.