చుక్క, గీత, ముక్కాలిపీట

రేఖాగణితము మొదలిడు దినముననే పిల్లలచే వల్లె వేయించు వాక్యమొకటి గలదు. బిందువునకు స్థానమే గాని పొడవు, వెడల్పు, మందము లేవని దాని భావము. పిల్లలు దానిని శ్లోకమువలె అప్పగింతురు. అర్థము మాత్రము, పెక్కు శ్లోకముల అర్థమువలెనే, గురువుగారి యొద్దనే నిలిచిపోవును.

ఇటీవల మా తరగతిలో నొక బాలిక లేచి, "నల్లబల్లమీద మీరు పెట్టిన చుక్కకు వెడల్పున్నది గదా, మాస్టారూ?" అని యడిగినది. తోడిపిల్లలు నవ్విరి. మాకు మాత్రము సంతోషమైనది. ఏలయన, ఆ ప్రశ్న చిన్నది కాదు. క్రీస్తునకు పూర్వము 300 ప్రాంతమున యూక్లిడు 23 నిర్వచనములతో గ్రంథమారంభించి, అందు మొదటిదానిని బిందువునకే యిచ్చెను. ఆ గ్రంథమును 18వ శతాబ్దిలో సవాయి జయసింహ మహారాజు నాస్థాన పండితుడగు జగన్నాథ సమ్రాట్టు అరబ్బీనుండి సంస్కృతమునకు దెచ్చి, రేఖాగణితమని పేరిడెను. కాని 1899లో జర్మను గణితజ్ఞుడు హిల్బర్టు బిందువు, రేఖ, తలము అను మూటిని నిర్వచింపకయే విడిచి, వానికి పరస్పరము గల సంబంధములను మాత్రమే నియమములుగా నేర్పరచెను. అంతటివారు నిర్వచింపక విడిచినదానిని పసివారిచే కంఠస్థము చేయించి, ప్రశ్నించినవారిని కూర్చుండబెట్టుట యేమి న్యాయము?

ఆ బాలిక తల్లి యొకనాడు మాతో, "నాకు లెక్కలు రావండీ, మా పిల్లకు మాత్ర మెక్కడనుండి వచ్చును?" అనెను. ఇంతకన్న హానికరమైన మూఢవిశ్వాసము మా యెరుకలో లేదు. ఆమె ప్రతిదినము వాకిట చుక్కలముగ్గు పెట్టును. గీత వంకరపోకుండ నెట్లు లాగుదువమ్మా యని యడుగగా, "చూపు చేతిమీద నుంచకూడదండీ, చివరి చుక్కమీద నుంచవలెను" అనెను. పిండి లావుగ రాలినను సన్నముగ రాలినను ముగ్గు మారదు. ఆమెకు కావలసినది పిండి గాదు, చోటు. రెండు చోట్లను గలుపు తిన్నని గీత యొక్కటే. లెక్కలు రావన్న యామెకు బిందువును రేఖయు రెండును వచ్చును.

తలమునకు ముక్కాలిపీట చాలును. ఎగుడుదిగుడు నేలమీదనైన నది యూగదు. నాలుగుకాళ్ల కుర్చీకి మాత్రము కాగితపు మడత వెదకవలసివచ్చును. ఒకే గీతలో లేని మూడు బిందువులగుండ పోవు సమతల మొక్కటే. నాల్గవది దానిలోనే యుండవలెనను నియమము లేదు. మూడురాళ్ల పొయ్యిమీద కుండ కుదురుగ నిలుచుటకును కారణమిదియే.

పిల్లలు నిజముగ తడబడునది కోణమునొద్ద. భుజములు పొడవైనచో కోణము పెద్దదని తలంతురు. తెలివిగలవారును ఇట్లే పొరబడుట మేమనేక పర్యాయములు చూచితిమి. దీనికి మాటలు పనికిరావు. వీధితలుపును, గోడలోని చిన్న అలమర తలుపును, రెంటిని గోడకు నిలువుగ నుండునట్లు తెరువుమనవలెను. వీధితలుపు అంచు బారెడు నేల చుట్టివచ్చినది. అలమర తలుపు అంచు జానెడుకూడ తిరిగెనో లేదో. అయినను రెండును తిరిగినది 90 డిగ్రీలే. కోణమనగా తిరుగుడు, తలుపు వెడల్పు గాదు. ఇది కంటబడిన పిల్ల తానే పోయి కిటికీ రెక్కలను, పుస్తకపు అట్టలను, కత్తెరను తెరచి చూచుకొనును. పెట్టెనుండి కోణమానిని తీయుట ఆ తరువాతి పని.