ఐస్‌క్రీమ్‌లో గుమ్మడికాయేంట్రా?

అమెరికాలో ఆకురాలు కాలం చెట్ల కంటే ముందు సూపర్ మార్కెట్‌కి వస్తుంది. మేముండేది డాలస్ పక్కన ప్లానోలో. సెప్టెంబర్ రెండో వారమైనా బయట 35 డిగ్రీలు. ఒక్క ఆకు రాలితే ఒట్టు! కానీ ట్రేడర్ జోస్‌లో అడుగు పెట్టగానే గుమ్మడికాయ బిస్కెట్లు, గుమ్మడికాయ బ్రెడ్డు, గుమ్మడికాయ కాఫీ. ఫ్రీజర్ దగ్గరికెళ్తే గుమ్మడికాయ ఐస్‌క్రీమ్.

మనకి గుమ్మడికాయంటే రెండే. బూడిదదైతే గుమ్మానికి కడతాం, తియ్యదైతే పులుసులోనో దప్పళంలోనో వేస్తాం. దాన్ని ఐస్‌క్రీమ్ చేసి అమ్ముతారని ఇంట్లో చెప్తే నమ్మరు. ఈ సీజన్ దాటితే మళ్లీ ఏడాదికే. మా భాషలో చెప్పాలంటే ఫీచర్ ఫ్లాగ్. ఆన్ చేస్తారు, జనం అలవాటు పడేలోపు ఆఫ్ చేసేస్తారు. ఎప్పుడూ దొరికే వెనీలా ముందు ఎవరూ ఆగరు. ఇదైతే చెయ్యి దానంతటదే పోతుంది. ఒక డబ్బా బుట్టలో వేశాను.

ఇక్కడ చాలామంది ‘గుమ్మడికాయ రుచి’ అనేది అసలు గుమ్మడికాయది కాదు. దాల్చినచెక్క, జాజికాయ, శొంఠి, లవంగం, ఆల్‌స్పైస్ కలిపిన మసాలాది. గుమ్మడికాయ పై అనే తీపి వంటకంలో వేసే పొడి అది. మెకార్మిక్ కంపెనీ 1934లోనే దాన్ని రెడీమేడ్‌గా అమ్మడం మొదలుపెట్టింది. ఆ తర్వాత 2003లో స్టార్‌బక్స్ పంప్‌కిన్ స్పైస్ లాటె తెచ్చాక పిచ్చి ముదిరింది. తమాషా ఏంటంటే, ఆ లాటెలో నిజం గుమ్మడికాయ పడింది 2015లో. అంటే పన్నెండేళ్లు జనం గుమ్మడికాయ లేని గుమ్మడికాయ కాఫీ తాగారు. మైసూర్‌పాక్‌లో మైసూర్ ఉందా అని అడిగే మనం నవ్వకూడదనుకోండి. హాలోవీన్‌కి కళ్లూ ముక్కూ చెక్కే నారింజరంగు కాయలు కూడా వంటకి అంతగా పనికిరావు. నీళ్లూ పీచూ ఎక్కువ. డబ్బాల్లో వచ్చే గుజ్జుకి వేరే రకం ఉంది, లేత గోధుమరంగులో ఉంటుంది. ఎక్కువగా ఇల్లినాయ్‌లో పండిస్తారు.

సరే, రుచి. డబ్బా తీయగానే తింటే ఏమీ తెలియదు. చల్లదనానికి నాలుక తీపిని సరిగ్గా పట్టుకోదు, మసాలా వాసనా పైకి లేవదు. పది నిమిషాలు బయట పెట్టాలి. అంచులు కరుగుతుంటే ముందు దాల్చినచెక్క తగులుతుంది, తర్వాత జాజికాయ. గుమ్మడికాయ అన్నిటికంటే చివర, చాలా నెమ్మదిగా, ఉడికిన ముక్కని వెన్నలో మెదిపినట్టు వస్తుంది. నాకైతే యాలకులు లేని తీపి ఎప్పుడూ సగం చేసి వదిలేసినట్టే ఉంటుంది. అయినా రెండో కప్పు పెట్టుకున్నాను.

నా రూమ్మేట్‌ది నిజామాబాద్. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని తీర్పు చెప్పాడు. ‘‘పాయసంల గరం మసాలా పడ్డట్టుంది మామా. కానీ మంచిగనే ఉంది.’’

వాడు ఏదైనా మంచిగా ఉందన్నది చాలా రోజుల తర్వాత. ఆగస్టు చివర్లో వాళ్ల టీమ్ మొత్తాన్ని తీసేశారు. ఆ రోజు మధ్యాహ్నం లాప్‌టాప్ మూసి ‘‘గుమ్మడికాయ కొట్టేశార్రా’’ అన్నాడు. సినిమా షూటింగ్ పూర్తయితే అనే మాట. నాకు అర్థం కావడానికి నిమిషం పట్టింది. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు. ఈలోగా ఇంకో కంపెనీ వీసా పిటిషన్ వెయ్యాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా సూట్‌కేసు సర్దుకోవాలి. గుమ్మడికాయ సరుకైనా ఇంచుమించు థాంక్స్‌గివింగ్ దాకా దొరుకుతుంది. వాడి గడువు అంతకంటే నెల ముందే అయిపోతుంది.

అప్పుడే అమ్మ వీడియో కాల్. ‘‘ఐస్‌క్రీమ్‌లో గుమ్మడికాయేంట్రా? బెల్లం పెట్టి పులుసు చేసుకోక!’’ అంది. తెనాలిలో అప్పటికి పొద్దున్నే. వెనకాల కుక్కర్ కూత వినిపిస్తోంది. తర్వాత ఎప్పుడూ అడిగేదే అడిగింది. ‘‘మీవాడేడీ? ఆఫీసు ఎలా ఉందట?’’

వాడు ఫ్రేమ్ బయట నుంచి చెయ్యి అడ్డంగా ఊపాడు. వాళ్లింట్లో ఇంకా చెప్పలేదు. నాన్నకి బీపీ, చెల్లి పెళ్లి మాటలు నడుస్తున్నాయి. మా అమ్మకి తెలిస్తే సాయంత్రానికి వాళ్లమ్మకి తెలుస్తుంది, ఇద్దరూ వాట్సాప్‌లో మాట్లాడుకుంటారు. ‘‘బాగానే ఉందమ్మా, బిజీగా ఉన్నాడు’’ అన్నాను. వాడే ముందుకొచ్చి ‘‘ఆంటీ, మీ పులుసు తినాల్నని ఉంది’’ అన్నాడు. ‘‘రా నాన్నా, ఎప్పుడొస్తావో చెప్పు’’ అంది. వాడు నవ్వి ఊరుకున్నాడు.

ఫోన్ పెట్టేశాక మాట సీతాఫలం మీదికి పోయింది. ఈ నెలల్లోనే కదా అక్కడ సీతాఫలం ఐస్‌క్రీమ్ సీజన్. హైదరాబాద్‌లో చదువుకున్నప్పుడు మొజంజాహీ మార్కెట్ దగ్గర ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని తినేవాళ్లం. పంటికింద గుజ్జు తగిలేది. పొరపాటున గింజ వస్తే అదృష్టమని వాడి వాదన. ‘‘నవంబర్‌ల అక్కడనే తింటనేమో’’ అన్నాడు. జోక్‌గానే. నేను నవ్వలేకపోయాను. లేచి వంటింట్లోంచి పల్లీ చిక్కీ తెచ్చి, చిదిపి ఇద్దరి కప్పుల్లో చల్లాను. ఇది మాత్రం మీరూ చేసి చూడండి. ఆ మెత్తటి మసాలా తీపికి కరకరలాడే బెల్లం భలే కుదిరింది. వాడు నా కప్పులో చిక్కీ కూడా ఏరుకున్నాడు.

గురువారం వాడికి మూడో రౌండ్, సిస్టమ్ డిజైన్. రాత్రి పదింటికి హాల్లో వైట్‌బోర్డు పెట్టాం. నేను ఇంటర్వ్యూయర్, వాడు కేండిడేట్. రేట్ లిమిటర్ డిజైన్ చెయ్యమన్నాను. ‘‘ముందు రిక్వైర్‌మెంట్స్ అడగాలి కదా’’ అంటూ డబ్బా తన వైపు లాక్కుని, మార్కర్ మూత తీశాడు.